దక్కను రాతి బీడు నేలలు: బసాల్టు శిలాజనిత మృత్తికల స్వభావం

వ్యాససంగ్రహం

దక్కను పీఠభూమి ఎత్తు భాగాలలో బసాల్టు శిలపై ఏర్పడిన పలుచని రాతినేలలను బంజరు అనీ వ్యర్థభూమి అనీ వ్యవహరించడం పరిపాటి. ఈ నేలల్లో కొరవడినది లోతు, అంటే నీటిని నిలుపుకొనే చోటు. సారం విషయంలో ఇవి తీసిపోవు. మాతృశిల స్వభావం, పొరల నిర్మాణం, నీటి లెక్క, నేలపరీక్ష ఫలితాలను చదవవలసిన తీరు, గడ్డిజాతులతో ఈ నేలకున్న సంబంధం ఆధారంగా ప్రస్తుత వ్యాసం ఈ విషయాన్ని వివరిస్తుంది.

కీలకపదాలు: దక్కను ట్రాప్, బసాల్టు, మొరం, రాతి బీడు, శిలాశైథిల్యం, గడ్డిభూములు, మంద, వ్యర్థభూమి.

ప్రవేశిక

హైదరాబాదు నుంచి జహీరాబాదు మీదుగా షోలాపూర్ వైపు సాగే దారిలో భూమి రూపు మారుతుంది. ఒకదానిమీద ఒకటి పేర్చినట్లుండే గ్రానైటు గుండ్లు వెనుకబడి, నెత్తి చదునుగా ఉండి మెట్లు మెట్లుగా దిగే గుట్టలు మొదలవుతాయి. లోయల్లో రేగడి చేలు కనిపిస్తాయి. గుట్టల పైభాగాన, వాలుల మీద రాళ్ళు పరుచుకొన్న పలుచని నేల, వానకాలంలో దానిని కప్పే గడ్డి ఉంటాయి. వేసవిలో చూసినవారికి అది ఉత్త రాళ్ళదిబ్బ.

రేగడి గురించి వ్యవసాయశాస్త్రం చాలా చెప్పింది. పత్తికి, జొన్నకు, శనగకు అది పెట్టింది పేరు. అదే శిల నుంచి పుట్టి, దానికి ఎగువన ఉన్న రాతినేలకు మాత్రం ఆ ఆదరణ దక్కలేదు. నాగలి పారని చోటు కావడమే ఇందుకు ప్రధాన కారణం. అయితే గొర్రెల మందలకు మేత, దిగువ బావులకు ఊట, రేగడికి పోషకాలు ఈ ఎగువ నేల మీదుగానే వస్తాయి. ఆ నేలను ఏం చేయాలన్న ప్రశ్న ఇప్పుడు కాగితాల మీద తరచుగా తలెత్తుతున్నది కనుక, దాని స్వభావాన్ని కొంత నిదానంగా పరిశీలించడం అవసరం.

మాతృశిల

సుమారు 6.6 కోట్ల సంవత్సరాల క్రితం భూమి పగుళ్ళ నుంచి పలుమార్లు ఉబికి వచ్చిన లావా పొరలు పొరలుగా గడ్డకట్టి దక్కను ట్రాప్‌గా ఏర్పడింది. నేటికీ అది దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకొని ఉన్నది. పడమటి కనుమల్లో ఈ పొరల మొత్తం మందం 2 కిలోమీటర్లు దాటుతుంది. తూర్పుకు వచ్చేకొద్దీ పలుచబడి వికారాబాదు, నారాయణఖేడ్, ఆదిలాబాదు ప్రాంతాలలో అంచుగా ముగుస్తుంది. అక్కడికి చాలా దూరంలో, రాజమహేంద్రవరం పరిసరాలలో గోదావరికి ఇరువైపులా కాటేరు, పంగిడి, దుద్దుకూరుల వద్ద ఇదే కాలపు బసాల్టు మళ్ళీ బయటపడుతుంది. ట్రాప్ అనే మాటకు మూలం మెట్లు అనే అర్థం గల స్వీడిష్ పదం. గుట్టల ఆకారాన్ని చూస్తే ఆ పేరు ఎందుకు వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

ఈ మెట్లకు కారణం శిలలోనే ఉన్నది. ప్రతి లావాపొరలో గట్టిగా ముద్దకట్టిన భాగం ఒకటి, వాయువులు తప్పించుకొనే క్రమంలో బుడగల గుంతలు ఏర్పడిన భాగం ఒకటి ఉంటాయి. ఆ గుంతలను తర్వాతి కాలంలో జియోలైటు, కాల్సైటు వంటి ఖనిజాలు నింపాయి. బుడగల బసాల్టు త్వరగా శిథిలమై వాలుగా దిగుతుంది. గట్టి బసాల్టు ఆలస్యంగా అరిగి మెట్టుగా నిలుస్తుంది. అందువల్ల ఒకే గుట్ట మీద నాలుగడుగుల తేడాలో నేల లోతు మారిపోతుంది. గట్టి బసాల్టు మెట్టు మీద జానెడు నేల కూడా ఉండకపోవచ్చు. దాని కిందనే బుడగల శిల మీద మూరెడు మొరం దొరకవచ్చు. ఈ నేలలకు సగటు లోతు చెప్పడంలో అర్థం తక్కువ.

రసాయనికంగా చూస్తే బసాల్టు ధనికమైన శిల. అందులో సిలికా 50 శాతం ప్రాంతంలో ఉంటుంది. తెలంగాణ గ్రానైట్లలో అది సాధారణంగా 70 శాతం దాటుతుంది. కాల్షియం ఆక్సైడు సుమారు 10 శాతం, మెగ్నీషియం ఆక్సైడు 5, 6 శాతం, ఇనుప ఆక్సైడులు 12 శాతానికి పైబడి ఉంటాయి. పొటాషియం మాత్రం తక్కువ. ఇంతకంటే ముఖ్యమైన భేదం క్వార్ట్జు విషయంలో కనిపిస్తుంది. గ్రానైటు శిథిలమైనప్పుడు అందులోని క్వార్ట్జు కరగక ఇసుకగా మిగులుతుంది. దుబ్బ నేలలకు, చెలకలకు ఆ ఇసుక స్వభావం అలా వచ్చిందే. బసాల్టులో క్వార్ట్జు దాదాపు లేదు. దాని ప్రధాన ఖనిజాలైన ప్లేజియోక్లేజు, పైరాక్సీనులు నీటితోను, అందులో కరిగిన బొగ్గుపులుసు వాయువుతోను చర్య జరిపి బంకమన్నుగా మారతాయి. కనుక ఈ బీడులో రాయి ఉంటుంది, బంకమన్ను ఉంటుంది. ఆ రెంటి నడుమ ఉండవలసిన ఇసుక పాలు తక్కువ.

ఒకే శిల, రెండు నేలలు

ఇంత సున్నము, ఇంత మెగ్నీషియం ఉన్న శిల నుంచి లోయలో గజాల లోతు రేగడి, గుట్ట మీద బెత్తెడు రాతినేల ఏర్పడటానికి కారణం వాలు. గుట్ట మీద శిథిలమైన మట్టిలో సన్నని పాలును వాననీరు దిగువకు మోసుకుపోతుంది. కరిగిన కాల్షియం, మెగ్నీషియం, సిలికాలు కూడా నీటితోపాటు దిగి, పల్లంలో నిలిచి, వానకు ఉబ్బి ఎండకు పగిలే స్మెక్టైటు అనే బంకమన్నుకు ముడిసరుకవుతాయి. రేగడి పొరల్లో కనిపించే సున్నపు గుళికల్లో కొంత ఈ విధంగా పైనుంచి దిగినదే. గుట్ట మీద మిగిలేది గోధుమ, ఎరుపు కలిసిన రంగులో, రాళ్ళ నడుమ ఇరుక్కొన్న మట్టి. దాని ఆమ్లక్షార సూచిక చాలాచోట్ల తటస్థంగానో స్వల్పంగా క్షారంగానో ఉంటుంది.

వాన ఎక్కువగా కురిసిన పూర్వకాలాలలో బసాల్టు నెత్తిన ఏర్పడిన జేగురురాయి ఈ వ్యాస పరిధిలోనిది కాదు. జహీరాబాదు చుట్టుపక్కల, మూసీనది పుట్టిన అనంతగిరి కొండల మీద కనిపించే ఆ ఎర్రని పొరకు బసాల్టు నుంచే పుట్టుక ఉన్నా, సున్నము, మెగ్నీషియం దాదాపు కడుక్కుపోవడంతో దాని గుణం పూర్తిగా వేరు.

నేలను తవ్వి చూస్తే

షోలాపూర్, ధారాశివ్, బీదర్ జిల్లాల గుట్టల మీద గాని, నారాయణఖేడ్ వైపు గాని ఒక చిన్న గొయ్యి తవ్వితే సాధారణంగా కనిపించే వరుస ఇది. పైన వదులుగా పడివున్న రాళ్ళు. వాటి కింద 10 నుంచి 25 సెంటీమీటర్ల వరకు గడ్డివేళ్ళు అల్లుకొన్న రాతిమట్టి. దాని ఘనపరిమాణంలో మూడోవంతు నుంచి సగానికి పైగా రాయే. ఆ కింద మొరం, అంటే ఇంకా మట్టి కాని, శిలగా కూడా మిగలని శిథిల బసాల్టు. మొరంలో ఉల్లిపొరల్లాగా పెచ్చులు లేచిన గుండ్రని రాళ్ళు కనిపిస్తాయి. పగుళ్ళ వెంట నీరు దిగి, రాతిదిమ్మెను అన్ని మూలల నుంచి తినివేయడం వల్ల మొదట పలకలుగా ఉన్న దిమ్మె గుండ్రనవుతుంది. దిగువన గట్టి శిల.

అమెరికా మృత్తికా వర్గీకరణను అనుసరించే భారతీయ నేలల సర్వేలు ఇటువంటి నేలల్లో చాలావాటిని ‘లిథిక్ అస్టార్థెంట్స్’ అనే తరగతిలో చేరుస్తాయి. పేరు నోరు తిరగనిదైనా అర్థం సరళమే: 50 సెంటీమీటర్లలోపే శిల తగిలేది, ఏడాదిలో చాలాకాలం పొడిగా ఉండేది, పొరలు స్పష్టంగా విడివడని కొత్త నేల. 6.6 కోట్ల ఏళ్ళ శిల మీది నేలను కొత్తది అనడం వింతగా తోచవచ్చు. శిల పాతదే, దాని మీద మట్టి మాత్రం తయారవుతున్నకొద్దీ జారిపోతూ ఎప్పటికప్పుడు పసినేలగానే ఉండిపోతుంది.

నీటి లెక్క

ఈ నేల స్వభావమంతా ఒక చిన్న లెక్కలో ఇమిడి ఉన్నది. రాయి లేని మధ్యరకం నేల, మొక్క వేళ్ళు పీల్చుకోగల రూపంలో, మీటరు లోతుకు సుమారు 150 మిల్లీమీటర్ల నీటిని నిలుపుతుందనుకొందాం. రాతి బీడు లోతు 20 సెంటీమీటర్లు, అందులో సగం రాయి అయితే మిగిలేది 15 మిల్లీమీటర్లు. వానకాలంలో కూడా గడ్డి, గాలి, ఎండ కలిసి రోజుకు 4, 5 మిల్లీమీటర్లు లాగివేస్తాయి. అంటే నిండా తడిసిన నేల మూడు నాలుగు రోజుల్లో ఎండిపోతుంది. దిగువన మీటరు లోతు రేగడి ఒక మంచి వానను నెల రోజులకు పైగా దాచుకోగలదు. వానచాటు ప్రాంతంలో ఏడాదికి 500 నుంచి 750 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది. వానకూ వానకూ మధ్య పదిహేను రోజుల ఎడం సర్వసాధారణం. ఈ బీడులో పంట నిలవకపోవడానికి ఈ ఎడం చాలు, సారం దాకా పోనక్కరలేదు.

అయితే ఈ లెక్కకు రెండోవైపు ఉన్నది. నేలలో సగం రాయి అయినప్పుడు, పడిన వాన మిగిలిన సగంలోకే దిగాలి. 10 మిల్లీమీటర్ల చినుకు రాయిలేని నేలను 7 సెంటీమీటర్ల లోపే తడుపుతుంది. సగం రాయి ఉన్న నేలలో 13 సెంటీమీటర్ల దాకా దిగుతుంది. పైపై తడి ఎండకు వెంటనే ఆవిరవుతుంది, దిగిన తడి వేళ్ళకు అందుతుంది. కనుకనే తొలకరిలో చిన్న జల్లుకు రేగడి ఇంకా బీటలు వారి ఉండగానే గుట్ట మీద గడ్డి పచ్చబడుతుంది.

రాళ్ళు చేసే మరొక పని వాన దెబ్బను కాయడం. నేల మీద వదులుగా పడివున్న రాయి చినుకు తాకిడిని తాను భరిస్తుంది. దాని కింది మట్టి రంధ్రాలు మూసుకుపోవు. నీరు రాయి చుట్టూ ఇంకుతుంది. ఎండలో అదే రాయి తడికి మూత అవుతుంది. రాయి మట్టిలోకి దిగబడి, చుట్టూ మట్టి పెచ్చుకట్టినప్పుడు మాత్రం ఫలితం తారుమారై నీరు ఇంకక పారుతుంది. పశువులు అదేపనిగా తొక్కిన దారుల్లో, గడ్డి పూర్తిగా పోయిన చోట్ల జరిగేది ఇదే. రాళ్ళను ఏరివేసి బీడును బాగుచేయాలనే ఆలోచన ఈ వాలుల మీద చాలాసార్లు బెడిసికొట్టడానికి కూడా కారణం ఇదే. రాయి పోయిన మరుసటి వానకు మట్టి పోతుంది.

ఆ 15 మిల్లీమీటర్లకు మించిన నీటిలో కొంత వాలు వెంట పారుతుంది, కొంత మొరంలోకి, శిల పగుళ్ళలోకి దిగుతుంది. పగులు దొరికిన చోట రేగు, తెల్లతుమ్మ వేరుపారించి నిలబడతాయి. దొరకని చోట చెట్టు లేదు. బీడులో చెట్లు అక్కడొకటి ఇక్కడొకటిగా ఉండటానికి నరికివేత కొంత కారణం కావచ్చు; అన్నిచోట్లా అదే కారణమనడం శిల స్వభావాన్ని విస్మరించడమే.

జల్లెడకు అందనిది

నేలపరీక్షలో మొదటి పని నమూనాను ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టడం. జల్లెడ మీద మిగిలిన రాయిని పక్కన పెట్టి, కిందికి దిగిన సన్నని మట్టినే పరీక్షిస్తారు. ఫలితాన్ని హెక్టారుకు ఇన్ని కిలోలు అని చెప్పడానికి 15 సెంటీమీటర్ల లోతు మట్టి హెక్టారుకు సుమారు 22.5 లక్షల కిలోల బరువు ఉంటుందనే అంచనాతో గుణిస్తారు. చదునైన సాగునేలకు ఈ పద్ధతి సరిపోతుంది. రాతి బీడుకు అది తప్పుదారి పట్టిస్తుంది.

ఉదాహరణకు, గడ్డివేళ్ళ పుణ్యాన బీడుమట్టిలో సేంద్రియ కర్బనం 0.8 శాతం ఉన్నదనుకొందాం. మన దేశంలో వాడుకలో ఉన్న కొలమానం ప్రకారం 0.75 శాతం దాటితే ‘అధికం’. హెక్టారుకు లెక్క కడితే 18 టన్నుల కర్బనం. ఆ చోట నేల లోతు 10 సెంటీమీటర్లే, అందులో సగం రాయి అయితే హెక్టారులోని సన్నమట్టి బరువు 7.5 లక్షల కిలోలు, కర్బనం 6 టన్నులు మాత్రమే. కాగితం మీద మూడింతలు కనిపిస్తుంది. నత్రజనికి, భాస్వరానికి కూడా ఇదే లెక్క. ఒక చిటికె మట్టిని చూస్తే ఈ నేల చాలా రేగళ్ళ కంటే సేంద్రియంగా మెరుగు. ఒక ఎకరాన్ని చూస్తే పేద. రెండూ నిజమే. శాతాన్ని చూసి ‘ఇంత సారమున్న నేల వృథాగా పడివున్నది’ అనుకొనేవారు, రాళ్ళను చూసి ‘ఇందులో ఏమీ లేదు’ అనుకొనేవారు చెరిసగమే చూస్తున్నారు.

2015లో కేంద్రప్రభుత్వం ప్రారంభించిన నేల ఆరోగ్యపత్రంలో 12 అంశాలు ఉంటాయి. పోషకాలు, సూక్ష్మపోషకాలు, ఆమ్లక్షార సూచిక, లవణాల స్థాయి, సేంద్రియ కర్బనం అందులో చేరతాయి. నేల లోతు, రాతి శాతం ఆ పన్నెండులో లేవు. ఆ పత్రం సాగుభూమి కోసం ఉద్దేశించినది కనుక దానిని తప్పుపట్టడం న్యాయం కాదు. అదే కొలబద్దతో మేతబీడును తూచడం మాత్రం పొరపాటు.

గడ్డి చెప్పే సాక్ష్యం

దేశంలోని గడ్డిభూములను 1973లో వెలువడిన ‘ది గ్రాస్ కవర్ ఆఫ్ ఇండియా’ గ్రంథంలో డబడ్‌ఘావ్, శంకరనారాయణ్‌లు ఐదు ప్రధాన రకాలుగా విభజించారు. ద్వీపకల్పానికి చెందిన రకానికి సెహిమా, డైకాంథియం అనే రెండు ప్రజాతుల పేరు పెట్టారు. ఈ జంటలో నేల స్వభావం ప్రతిఫలిస్తుంది. రాతి గుట్టల పలుచని నేలలో సెహిమా, దిగువ చదునున లోతైన నేలలో డైకాంథియం పైచేయిగా ఉంటాయి. రాతినేల మీద సెహిమా కుదుళ్ళు దూరదూరంగా నిలిచి, నేలలో నాలుగోవంతుకు కాస్త మించి మాత్రమే కప్పడం కూడా అసహజం కాదు. నడుమ కనిపించే రాయిని చూసి బీడు పాడైపోయిందని నిర్ణయించడం తొందరపాటు. కుదురుకూ కుదురుకూ మధ్య ఎడం నీటి లెక్కలో భాగమే.

నిజంగా పాడైన బీడును గుర్తించడానికి వేరే గుర్తులున్నాయి. మేత ఒత్తిడి పెరిగితే పశువులు ఇష్టపడే సెహిమా తగ్గి, ఈటెలవంటి గింజలుండే హెటెరోపోగాన్ పెరుగుతుంది. ఇంకా క్షీణిస్తే చీపురులాంటి అరిస్టిడా జాతులు మిగులుతాయి. హెటెరోపోగాన్ గింజకున్న మెలితిరిగిన తోక తడి తగిలితే విచ్చుకొని, ఆరితే మళ్ళీ మెలికపడుతుంది. ఆ కదలికతో గింజ తనంతట తానే రాళ్ళ సందుల్లోని మట్టిలోకి తొలుచుకొని పోతుంది. రాతినేలకు ఇంతగా అమరిన ఏర్పాటు మరొకటి అరుదు. అదే గింజ గొర్రె ఉన్నిలో, తోలులో గుచ్చుకొని కాపరులను వేధిస్తుంది. గింజ ముదిరే కాలంలో మందను ఆ వాలులకు తోలకపోవడం కాపరులకు తెలిసిన జాగ్రత్త.

మంద దారి

మహారాష్ట్రలో ధన్‌గర్లు, కర్ణాటకలో కురుబలు, తెలంగాణలో కురుమలు తరతరాలుగా ఈ బీళ్ళ మీద దక్కనీ గొర్రెను పెంచారు. నల్లని ముతక ఉన్ని ఇచ్చే ఆ గొర్రె నుంచే గొంగడి వచ్చింది. పగలు గుట్ట మీద మేసిన మందను రాత్రి రైతు పొలంలో నిలపడాన్ని మంద కట్టడం అంటారు. రైతు అందుకు ధాన్యమో డబ్బో ఇస్తాడు. మృత్తికాశాస్త్ర దృష్టితో చూస్తే ఇది బీడు నుంచి చేనుకు పోషకాల రవాణా. గడ్డి రాతిసందుల నుంచి పైకి తెచ్చిన నత్రజని, భాస్వరం, కాల్షియం పెంటిక రూపంలో దిగువకు చేరతాయి.

దీని లాభం చేనుది, ఖర్చు బీడుది. శిల శిథిలమవుతూ కాల్షియం, మెగ్నీషియంలను కొంత భర్తీ చేస్తుంది. గాలి నుంచి నత్రజనిని తెచ్చేది గడ్డి నడుమ పెరిగే కాయధాన్యపు కలుపు మొక్కలే. కనుక మందల సంచారం ఒక బీడు మీద కొద్దిరోజులే ఉండి, మళ్ళీ రావడానికి వ్యవధి ఉన్నంతకాలం ఈ ఏర్పాటు నిలుస్తుంది. సాగు విస్తరించి దారులు మూసుకుపోయినప్పుడు మిగిలిన కొద్ది బీడు మీద మంద ఎక్కువకాలం నిలవవలసి వస్తుంది. సెహిమా స్థానంలో అరిస్టిడా రావడానికి కాపరి అజ్ఞానం కంటే దారులు మూసుకుపోవడమే తరచు కారణం.

వ్యర్థమనే పేరు, కందకాల పని

పన్ను రాని భూమిని వ్యర్థమనడం వలసపాలన నాటి రెవెన్యూ దృష్టి. 1985లో జాతీయ బంజరుభూముల అభివృద్ధి మండలి ఏర్పడింది. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన సంస్థ ఉపగ్రహచిత్రాల ఆధారంగా రూపొందించిన వ్యర్థభూముల అట్లాసు 2000లో మొదట వెలువడింది. అందులో పొదలతో కూడిన భూమి, రాతి బంజరు వంటి తరగతులు ఉన్నాయి. వేసవి ఉపగ్రహచిత్రంలో ఎండిన సెహిమా బీడుకూ గడ్డిలేని రాతినేలకూ తేడా పట్టుకోవడం కష్టం. షోలాపూర్ దగ్గరి నాన్నజ్ గడ్డిమైదానాలను బట్టమేక పిట్ట కోసం 1979లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ పిట్టకు కావలసింది చెట్టులేని బయలు. అదే బయలు మరో కాగితం మీద చెట్లు నాటవలసిన ఖాళీ స్థలంగా కనిపిస్తుంది.

గుట్టల మీద సమోన్నత రేఖల వెంట కందకాలు తవ్వి చెట్లు నాటడం వాటర్‌షెడ్ పనుల్లో మామూలు. బుడగల బసాల్టు మీద, మొరం లోతుగా ఉన్న వాలుల్లో ఈ పని దిగువ బావులకు మేలు చేస్తుంది, దానిని కాదనలేము. గట్టి బసాల్టు మెట్టు మీద 20 సెంటీమీటర్ల నేలలో 30 నుంచి 60 సెంటీమీటర్ల కందకం తవ్వితే జరిగేది వేరు. వేళ్ళు, కర్బనం ఉన్న పైమట్టి అడుగుకు పోయి, మొరం, రాతిపెళ్ళలు కట్టగా పైకి వస్తాయి. కందకం 60 సెంటీమీటర్లు, కట్ట మరో 90 సెంటీమీటర్ల వెడల్పు ఉండి, పది మీటర్లకొకటి చొప్పున తవ్వితే నేలలో 15 శాతం మేర గడ్డికుదుళ్ళు పోతాయి. అరంగుళం మట్టి ఏర్పడటానికి తరాలు పట్టే చోట ఆ కట్ట మీద సెహిమా తిరిగి రావడం త్వరగా జరిగే పని కాదు. నాటిన మొక్కకు పగులు దొరికితే బతుకుతుంది. దొరకకపోతే ఆ 15 మిల్లీమీటర్ల నీటితో వేసవి దాటలేదు.

ఈ రెండు చోట్లనూ వేరు చేయడానికి ఖరీదైన పరికరాలు అక్కరలేదు. పని మొదలుపెట్టే ముందు వాలు పొడవునా కొన్ని అడుగులకొకసారి గునపం దింపి చూస్తే చాలు. గునపం మూరెడు దిగి, మొరం పొడిపొడిగా రాలే చోట కందకానికి, చెట్టుకు వీలున్నది. మొదటి దెబ్బకే రాయి ఖంగుమని మోగే చోట మట్టిని కదపకుండా వదిలి, మేతకు వంతులు ఏర్పరచి, ఒక్క వానకాలం మందను ఆపితే సెహిమా గింజ కడుతుంది.